ఎవరు ఎవరిని పట్టుకున్నారు?

(రేడియో ప్రసంగ పాఠము)

 

ముందుగా ఒక చిన్న ప్రశ్న. కూర్చున్నచోటు నుండి లేవకుండా జవాబు చెప్పాలి. అర్ధరాత్రి అయినది, బయట కుండపోత వర్షము, కరెంటు పోయినది. మీ ఇంట్లో టార్చిలైటు ఎక్కడ ఉన్నది? "ఫ్రిజ్ మీద ఉండాలి" అంటున్నారా? ఉండాలి అనవద్దు, ఉన్నదా లేదా చెప్పండి. సెల్‌ఫోనులో లైటు ఉన్నది కదా అని పిల్లలు అంటారు. మంచిదే. ఛార్జింగు ఎంత ఉన్నది?

నవ్వుకుంటున్నారేమో. నేనూ ఒకప్పుడు ఇలాగే నవ్వినవాడినే. అందుకే ఈ రోజు ప్రసంగములో నా సంగతే చెప్పాలనుకుంటున్నాను. అందులో నాకు గొప్ప వచ్చేది ఏమీ లేదు.

2000 సంవత్సరములో మేము అశోక్‌నగర్‌లో, నాలాకు దగ్గరగా ఉన్న ఒక సందులో అద్దెకు ఉండేవాళ్ళము. క్రింది వాటా మాది. నేను, నా భార్య, ఆరేళ్ళ పాప, మా అమ్మ. నాలా సంగతి ఆ పక్క వారికి చెప్పనక్కరలేదు. తెలియనివారి కొరకు చెప్పుచున్నాను. హుస్సేన్‌సాగర్ నిండితే మిగులు నీరు బయటికి పోయే దారి అది. ట్యాంక్‌బండ్ దిగువ నుండి కవాడిగూడ, దోమలగూడ, అశోక్‌నగర్ ప్రక్కలనుంచి, హిమాయత్‌నగర్, నారాయణగూడ, నల్లకుంట, అంబర్‌పేట మీదుగా పోయి మూసీలో కలుస్తుంది. మనము దానిని మురికికాలువ అంటాము, ముక్కు మూసుకొని వంతెన దాటిపోతాము. నిజానికి చెరువు కట్టను కాపాడేది ఆ కాలువే. హుస్సేన్‌సాగర్ నిండుమట్టము 513.41 మీటర్లు అని లెక్క. దానికి పైన వచ్చే నీళ్ళు ఎక్కడికి పోవాలి? మన వీధుల ప్రక్కకే పోవాలి. మనము ఇల్లు తీసుకునేటప్పుడు అద్దె ఎంత, మంజీరా నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయి, బస్‌స్టాపు ఎంత దూరము, ఇవన్నీ అడుగుతాము. ఆ కాలువ ఎంత దూరమని అడగము. నేను అడగలేదు.

ఆ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన హైదరాబాదులో 24 గంటలలో 24 సెంటీమీటర్ల వర్షము నమోదైనది. మా వీధిలోకి నీళ్ళు చీకటితోనే వచ్చాయి. వరద హోరుమని శబ్దము చేస్తూ వస్తుందని సినిమాల్లో చూసి అనుకుంటాము. మా ఇంటికి అలా రాలేదు. పాప మంచము మీద నుండి కాళ్ళు క్రిందికి పెట్టి, "నాన్నా, నేల తడిగా ఉంది" అన్నది. అంతే. నేను లేచి స్విచ్చు వేస్తే దీపము వెలగలేదు. అగ్గిపెట్టె కొరకు వంటింట్లోకి వెళితే కాళ్ళకు ఏదో బరువైనది తగిలింది. గ్యాస్ సిలిండరు! నిండు సిలిండరు కూడా నీళ్ళలో తేలుతుందని నాకు ఆ రోజు తెలిసింది. పొయ్యికి కట్టిన రబ్బరు గొట్టము మెలిపడి, అది పక్కకు ఒరిగి ఊగుతూ ఉన్నది. నేను మాత్రము అగ్గిపుల్ల కొరకు వెదుకుచున్నాను! గ్యాస్ లీకై ఉంటే ఈ ప్రసంగము చేయడానికి నేను ఉండేవాణ్ణి కాదు. అగ్గిపెట్టె తడిసి పుల్ల అంటుకోలేదు. నన్ను దేవుడే కాపాడాడు అంటాను. కాని నా తెలివితక్కువతనమునకు కూడా ఆయన బాధ్యత వహించాలని అనడము న్యాయము కాదు కదా.

అప్పుడు మెట్ల మీద ఒక లాంతరు వెలుగు కనబడింది.

మా పైవాటాలో ఒక మామ్మగారు ఒంటరిగా ఉండేవారు. కృష్ణా జిల్లా దివిసీమ ఆమెది, నాగాయలంక అవతల ఒక పల్లె. ఆమె గదిలో అటక మీద ఒక రేకు పెట్టె ఉండేది. ప్రతి నెలా మొదటి తేదీన దాన్ని దింపి, లోపలి సామాను అంతా తీసి, దులిపి, మళ్ళీ సర్దేవారు. లాంతరు, కిరసనాయిలు సీసా, మైనము పూసిన అగ్గిపెట్టెలు, తాడు, అటుకులు, బెల్లము, పుట్నాల పప్పు, రెండు పాత చీరలు, ప్లాస్టిక్ కవరులో కాగితములు. అటుకులు పాతబడక ముందే మా పాపకు పెట్టి కొత్తవి పోసేవారు. "మామ్మగారు ఊరికి పోతున్నారేమో" అని మేము హాస్యమాడేవాళ్ళము. ఆదివారము నాడు విశ్వాసమును గురించి ప్రసంగించి వచ్చి, మామ్మగారి పెట్టెను గురించి నేను నవ్వేవాణ్ణి.

ఆ తెల్లవారుజామున ఆమె మెట్ల మీద నిలబడి లాంతరు పైకెత్తి అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "నీళ్ళెంత వచ్చాయి" అని అడగలేదు, "సామాను సర్దారా" అని అడగలేదు. "అబ్బాయ్, ఎవరు ఎవరిని పట్టుకున్నారు?" అన్నారు.

నాకు అర్థము కాలేదు. "పాపను ఎవరు పట్టుకున్నారు? పేరు చెప్పు. మీ అమ్మను ఎవరు పట్టుకున్నారు? పేరు చెప్పు" అని గద్దించారు. నేను వెనుకకు తిరిగి చూశాను. పాపను నా భార్య ఎత్తుకున్నదని నేను అనుకుంటున్నాను. నేను ఎత్తుకున్నానని నా భార్య అనుకుంటున్నది. మోకాలు లోతు నీళ్ళలో మంచము మీద ఆ బిడ్డ ఒక్కతే నిలబడి ఉన్నది, ఏడవను కూడా ఏడవడము లేదు.

ఆమె ఆ ప్రశ్న ఎందుకు అడిగారో చాలా రోజుల తరువాత చెప్పారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. పదివేల మందికి పైగా చనిపోయిన రోజు అది. పెద్దవాళ్ళకు జ్ఞాపకము ఉండే ఉంటుంది. తుఫాను వస్తుందని వాళ్ళకు తెలుసు, రేడియోలో విన్నారు. గాలివాన వాళ్ళకు కొత్త కాదు, తలుపులు వేసుకొని కూర్చున్నారు. సముద్రము లేచి ఇంటి మీదికి వచ్చినప్పుడు చీకటిలో మామ్మగారు చిన్న కొడుకును పట్టుకొని చెట్టు ఎక్కారు. ఆమె భర్త ముసలి తల్లిని పట్టుకున్నాడు. నాలుగేళ్ళ ఆడపిల్ల ఉన్నది. "నా దగ్గర ఉందని ఆయన అనుకున్నాడు నాయనా, ఆయన దగ్గర ఉందని నేను అనుకున్నాను." ఇంతే చెప్పారు. ఇంకేమీ అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ పెట్టె సంగతి అప్పుడు అర్థమైనది.

తిరిగి అశోక్‌నగర్‌కు వద్దాము, ఎందుకంటే నా తప్పు ఇంకా పూర్తి కాలేదు. మా అమ్మను ఇద్దరు కుర్రవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మామ్మగారి గదికి మోసుకొని వెళ్ళారు. తెల్లవారింది, వాన తగ్గలేదు. అమ్మకు షుగరు జబ్బు. రాత్రి మాత్ర వేసుకొని, ఒంట్లో బాగులేదని అన్నము తినకుండానే పడుకున్నది. పొద్దున ఏడు గంటలకల్లా ఆమెకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది, మా పాపను చూసి ఎవరీ పిల్ల అన్నది. మామ్మగారు గబగబా బెల్లము నీళ్ళు కలిపి తెచ్చారు. నేను అడ్డుపడ్డాను. "మా అమ్మకు షుగరండీ! బెల్లము పెట్టకూడదు" అన్నాను. ఎంత జ్ఞానముతో చెప్పానో!

వైద్యులు, నర్సులు ఎవరైనా ఇది వింటుంటే ఇప్పటికే తల పట్టుకొని ఉంటారు. షుగరు మాత్రగాని ఇన్సులిన్ గాని తీసుకొని తినకుండా ఉంటే రక్తములో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక, ఇవే దాని గుర్తులు. మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే వెంటనే చక్కెరో గ్లూకోజో బెల్లమో ఇవ్వాలి. తెలివి తప్పితే మాత్రము నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తులలోకి పోతుంది. పరుగున ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. అది నాకు తెలియదు. పదేళ్ళుగా అమ్మకు మాత్రలు తెచ్చిపెట్టినవాణ్ణి, నాకు తెలియదు.

అప్పటికి 108 లేదు. అది మన రాష్ట్రములో 2005 ఆగస్టు 15న మొదలైనది. ఆటోలు ఆ నీళ్ళలోకి రాలేదు. చిక్కడపల్లి మార్కెట్టు నుండి ఒక కూరగాయల తోపుడుబండి సంపాదించి, అమ్మను దాని మీద పడుకోబెట్టి మెయిన్ రోడ్డుకు, అక్కడనుండి ఆసుపత్రికి చేర్చాము. డాక్టరుగారు అడిగిన ప్రశ్నలు నాలుగే. ఏ మాత్ర? ఎంత పవరుది? ఎప్పుడు వేసుకున్నది? ఎప్పుడు తిన్నది? "తెల్లగా, చిన్నగా ఉంటుందండీ, మధ్యలో గీత ఉంటుంది" అన్నాను. ఆయన నా ముఖములోకి చూశాడు. తెల్లగా చిన్నగా గీత ఉన్న మాత్రలు మందుల షాపులో ఎన్ని వందలు ఉంటాయి? చీటీ నీళ్ళలో పోయింది. మాత్రల డబ్బా నీళ్ళలో పోయింది. ఆ పేరు నా తలలో ఎన్నడూ లేదు. అమ్మ బ్రతికింది, దేవునికి స్తోత్రము. కాని ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నది. ఆ తరువాత మునుపటి మనిషి కాలేదు.

పదిమంది కన్యకల ఉపమానము మీకందరికీ తెలిసినదే. ఐదుగురు బుద్ధిగలవారు దివిటీలతోకూడ సిద్దెలలో నూనె తెచ్చుకున్నారు, ఐదుగురు తెచ్చుకోలేదు. అర్ధరాత్రి పిలుపు వచ్చినప్పుడు బుద్ధిలేనివారు నూనె అడిగితే వీరు ఇవ్వలేదు. చిన్నప్పుడు సండేస్కూలులో నేను మా టీచరమ్మను అడిగాను, "వాళ్ళు పిసినారులా?" అని. కొంచెము ఇస్తే ఏమి పోయింది? ఆ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది పుస్తకములలో కాదు, ఆ ఆసుపత్రి వరండాలో. మామ్మగారు లాంతరు ఇచ్చారు, గది ఇచ్చారు, అటుకులు ఇచ్చారు, పొడి చీర ఇచ్చారు. ఇవ్వగలిగినదంతా ఇచ్చారు. మా అమ్మ మాత్ర పేరు ఆమె ఇవ్వలేదు. అది నా దగ్గరే ఉండవలసినది. బెల్లము నీళ్ళు ఇచ్చినా తీసుకునే తెలివి నాలో లేకపోయింది. ఆ ఘడియలో అప్పు పుట్టని నూనె అంటూ ఒకటి ఉన్నది ప్రియులారా.

కొందరు విశ్వాసులు అంటారు: "దేవుని నమ్ముకున్నవారికి ఇవన్నీ ఎందుకండీ? ఇది అవిశ్వాసము కాదా?" వారితో వాదించను. యోసేపును ఒక్కసారి చూడండి. కరువు వస్తుందని ఫరోకు కల ఇచ్చినది దేవుడే. ఆ కలకు అర్థము యోసేపుకు చెప్పినదీ దేవుడే. అయినా ధాన్యము గరిసెలలోకి దానంతట అది నడిచి రాలేదు. ఏడు సంవత్సరములు, పంటలో అయిదవ వంతు చొప్పున, కొలిచి కొట్లలో పోయించవలసి వచ్చింది. మన ఊరి సంగతే చూడండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని తీసుకొనిపోయింది. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆనాటి నిజాము మూసీ ఒడ్డున ప్రార్థన చేశాడని కూడా చెప్పుకుంటారు. ప్రార్థించి ఊరుకోలేదు, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టలు పూర్తయ్యాయి. మనము చాలా కాలము ఆ నీళ్ళు త్రాగాము గాని, అవి ముందుగా వరద కొరకు కట్టినవని మరచిపోయాము.

సరే, ఇంట్లో ఏమి చేయాలి? మొదట మనుషులు. రాత్రి భోజనము దగ్గర అందరూ కూర్చున్నప్పుడు టీవీ కట్టి, మామ్మగారి ప్రశ్న అడగండి. పాప ఎవరిది? తాతయ్య ఎవరివాడు? ఆ మనిషి ఇంట్లో లేకపోతే ఎవరు? ఎందుకంటే ఆపద వచ్చేసరికి మీరు ఆఫీసులో ఉండవచ్చు. పెద్దవారిని మెట్లమీద మోయడానికి చేతుల కుర్చీ ఒకటి, ఇద్దరు మనుషులు చాలు. కాని ఒక్కసారి ముందుగా మోసి చూడండి. మా ఇంటిలో ఇప్పుడు చూస్తే మెట్ల మలుపులో కుర్చీ పట్టలేదు! చిన్న కుర్చీ కొన్నాము. అలాగే ఒకరినొకరు తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలి? చిక్కడపల్లిలో ఉన్నవారికి నగర కేంద్ర గ్రంథాలయము గేటు కావచ్చు, నారాయణగూడలో వారికి వైఎంసీఏ కావచ్చు. కాలువ ప్రక్కన మాత్రము పెట్టుకోవద్దు. ఫోను చచ్చిపోతే నంబర్లు ఎవరికి వస్తాయి? పూర్వము మనకు ఇరవై నంబర్లు నోటికి వచ్చేవి. ఇప్పుడు భార్య నంబరు భర్తకు రాదు. పిల్లల చేత రెండు నంబర్లు కంఠస్థము చేయించండి. ఇంటి చిరునామా, దగ్గరి గుర్తు కూడా. 108కి గాని 112కి గాని ఫోను చేస్తే వారికి ముందుగా కావలసినది మీరు ఎక్కడ ఉన్నారన్నదే. మన పేటలలో బై నంబర్ల మీద బై నంబర్లు వేసిన ఇళ్ళు వెదకడము వాళ్ళ తరము కాదు. ఏ గుడి ప్రక్కన, ఏ టిఫిన్ సెంటరు ఎదుట, ఎన్నవ అంతస్తు అని చెప్పగలగాలి. ఒకరిని సందు మొదట్లో నిలబెట్టాలి.

మాత్రల సంగతి ఇప్పటికే చెప్పాను. మళ్ళీ చెబుతాను, ఎవరేమనుకున్నా సరే. పేరు, పవరు, ఏ పూట, ఏ డాక్టరు, ఏ మందు పడదు. ఒక కాగితము బీరువా తలుపు లోపల, ఒకటి మీ పర్సులో. వారమునకు సరిపడా మాత్రలు విడిగా.

గ్యాస్ గురించి మా చెల్లెళ్ళు శ్రద్ధగా వినండి, ఇంట్లో మగవారిని కూడా పిలవండి. వంట గ్యాస్‌కు స్వతహాగా వాసన లేదు, మనకు తెలియడము కొరకే ఆ దుర్వాసన కలుపుతారు. అది గాలికంటె బరువు, నేలను పట్టుకొని ప్రాకుతుంది. అందుచేత వాసన వచ్చినప్పుడు స్విచ్చు వేయకూడదు. వెలుగుతున్న లైటును ఆర్పకూడదు కూడా, రెంటికీ నిప్పురవ్వ పుట్టవచ్చు. ముందు రెగ్యులేటరు కట్టి, తలుపులు కిటికీలు తెరచి, సిలిండరుకు దారముతో వ్రేలాడే తెల్లని మూత బిగించి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. ఆ మూతను చాలామంది త్రెంచి పారవేస్తారు. మీ ఇంట్లో ఉన్నదేమో చూడండి. ఇంట్లోకి నీళ్ళు వస్తాయని అనుమానము ఉంటే రెగ్యులేటరు తీసేసి సిలిండరును ఎత్తయిన చోట పెట్టండి.

కరెంటుకు మెయిన్ స్విచ్చు ఎక్కడ ఉన్నదో పిల్లలకు కూడా తెలియాలి. కాలు తడవకముందే కట్టివేయాలి. నీళ్ళు బోర్డును తాకితే దాని దగ్గరకు పోవద్దు. మరొక సంగతి చాలామందికి తట్టదు. మెయిన్ కట్టినా ఇన్వర్టరు ఇంకా కరెంటు ఇస్తూనే ఉంటుంది. దానిని విడిగా కట్టాలి. ఇక నీళ్ళు. వీధి నిండా నీళ్ళు, త్రాగడానికి చుక్క ఉండదు. సంపులోకి మురుగు చేరుతుంది. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున నలుగురికి మూడు రోజులకు లెక్క వేసుకుంటే ఇరవై లీటర్ల క్యానులు రెండున్నర. అంతే కదా, మంచము క్రింద పడతాయి. విరేచనాలు పట్టుకుంటే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచాలు, తల కొట్టిన కొలత. ఉప్పు ఎక్కువ కాకూడదు. డబ్బు కూడా కొంచెము చిన్న నోట్లుగా ఉంచుకోండి. నెట్‌వర్కు లేనప్పుడు ఫోనులో లక్ష ఉన్నా పాల ప్యాకెట్టు రాదు.

అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లిలో గదులు తీసుకొని గ్రూప్స్‌కు, ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలారా, మీతో విడిగా ఒక మాట. మీరు ఎంత దూరమునుండి, తల్లిదండ్రులు ఎంత అప్పు చేస్తే వచ్చారో నాకు తెలుసు. 2024 జూలై 27న ఢిల్లీలో ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో మీవంటి పిల్లలే ఒక కోచింగ్ సెంటరు సెల్లారులోని లైబ్రరీలో చదువుకుంటుండగా వాన నీళ్ళు లోపలికి దూసుకొని వచ్చాయి. ముగ్గురు బయటికి రాలేకపోయారు. మీ రీడింగ్ రూము సెల్లారులో ఉన్నదా? మెట్లు ఎన్ని? ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? వేలిముద్ర వేస్తేనే తెరుచుకునే తలుపు అయితే కరెంటు పోతే తెరుచుకుంటుందా? హాస్టలు వరండాకు ఇనుప గ్రిల్లు ఉంటే రాత్రి తాళపు చెవి ఎవరి దగ్గర ఉంటుంది? అడగండి. అడిగితే ఓనరు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. గది వెదుక్కోవడము కష్టమే, అయినా సెల్లారు గదిలో మాత్రము నిద్రపోవద్దని నా కొడుకుకు చెప్పినట్టు చెబుతున్నాను. సర్టిఫికెట్లు తాళము వేసిన ట్రంకు పెట్టెలో మంచము క్రింద పెడతారు. నీళ్ళు ముందు వచ్చేది అక్కడికే! ప్లాస్టిక్ సంచిలో చుట్టి పైఅలమరలో పెట్టండి. ఫోటోలు తీసి ఇంటికి పంపండి. డిజిలాకర్‌లో దొరికేవి అందులో పెట్టుకోండి.

సెల్లారు అనగానే ఇంకొకరు జ్ఞాపకము వస్తున్నారు. మన అపార్టుమెంట్లలో సెల్లారులో ఎవరు ఉంటారు? వాచ్‌మన్, అతని భార్య, పిల్లలు. పాలమూరు నుండో శ్రీకాకుళము నుండో వచ్చినవారు. 2020 అక్టోబరు 13న మళ్ళీ అటువంటి వాన వచ్చింది. ఒక్క రోజులో సుమారు 19 సెంటీమీటర్లు. నాలా ప్రక్క వీధులు మళ్ళీ మునిగాయి. అప్పటికి మేము ఇల్లు మారి మూడవ అంతస్తులో ఉన్నాము. నీళ్ళు మాకు రావు కనుక బాల్కనీలో నిలబడి చూస్తూ ఉన్నాము. వాట్సాప్ గ్రూపులో ఒకరు తన కారు సంగతి అడుగుచున్నారు, మరొకరు లిఫ్టు మోటారు సంగతి అడుగుచున్నారు. నా భార్య ఒక్కసారిగా నా చేయి పట్టుకొని, "క్రింద పిల్లలను ఎవరు పట్టుకున్నారు?" అన్నది.

మామ్మగారు అప్పటికి చనిపోయి చాలా ఏళ్ళయినది.

నేను దిగి వెళ్ళాను. ఇద్దరు పిల్లలు మెట్ల మీద కూర్చొని ఉన్నారు, తల్లి సామాను కొరకు మళ్ళీ లోపలికి దిగబోతున్నది. మీటర్ల బోర్డు ఆ సెల్లారు గోడకే ఉన్నది. ఆమెను ఆపాము. ఆ నెల బియ్యము, ఒక మిషను, పిల్లల పుస్తకములు పోయాయి. పోనీ అన్నాము. ఆ రాత్రి ఆ నలుగురూ మా హాలులో పడుకున్నారు. మరునాడు మా అపార్టుమెంటు మీటింగులో, వాన ఇంత పడితే వాచ్‌మన్ కుటుంబము ఏ ఫ్లాటుకు రావాలి అని వ్రాసి పెట్టుకున్నాము. వంతుల వారీగా. ఒప్పించడానికి గంటన్నర పట్టినది. ఆ గంటన్నరలో నేను విన్న మాటలు ఇక్కడ చెప్పను.

నాకు ఇచ్చిన సమయము అయిపోవచ్చినది. రేడియో కట్టగానే ఒక కాగితము, పెన్సిలు తీసుకొనండి. కలము వద్దు, తడిస్తే సిరా చెదురుతుంది. మొదటి వరుసలో మీ ఇంట్లో అందరికంటె నడవలేనివారి పేరు వ్రాయండి. దాని ప్రక్కన, వారిని పట్టుకోవలసినవారి పేరు వ్రాయండి. తరువాత లేచి వారి మంచము దగ్గరకు వెళ్ళి, మాత్రల అట్ట తీసి, దాని మీద ఏమి వ్రాసి ఉన్నదో పైకి చదవండి. అక్షరములు చిన్నవిగా ఉంటాయి, కళ్ళజోడు పెట్టుకొనండి.